రంగూన్‌లో నిలబడి చూశారు, విశాఖలో ఊరొదిలి పరుగెత్తారు. రెండూ నిజమేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీ అమ్మమ్మగారు పదేళ్ళ పిల్లగా 1941 డిసెంబర్‌లో బర్మా (ఇప్పటి మయన్మార్) రాజధాని రంగూన్‌లో ఉన్నారు. జపాన్ విమానాలు వచ్చినప్పుడు జనమంతా వీధుల్లోకి వచ్చి తలలెత్తి చూశారని చెప్పేవారు. మీ తాతగారి వైపు వాళ్ళు విశాఖవాళ్ళు. 1942 ఏప్రిల్‌లో అక్కడ నాలుగు బాంబులు పడగానే ఊరు ఊరంతా ఖాళీ అయిందని వాళ్ళ మాట. అంత పెద్ద దాడిని నిలబడి చూడటమేంటి, ఇంత చిన్న దాడికి పారిపోవడమేంటి, ఇద్దరిలో ఎవరో కల్పించి చెప్పారా అని మీ అనుమానం. అదే చేత్తో, సైనికులకి కూడా మొదట్లో అలాగే ఉండేదా అని అడిగారు.

ఎవరూ కల్పించలేదు. రెండూ నిజమే. పైగా విశాఖ ఖాళీ అవడానికి సగం కారణం రంగూనే.

నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఉద్యోగంలో ఉండగా సెలవులొస్తే టేపురికార్డర్ సంచీలో వేసుకుని శ్రీకాకుళం నుంచి కాకినాడ దాకా పల్లెలు తిరిగేవాణ్ణి. రంగం వెళ్ళొచ్చినవాళ్ళు (మన పల్లెల్లో రంగూన్‌ని రంగం అనేవారు) అప్పటికింకా చాలామంది బతికే ఉన్నారు. వాళ్ళ మాటలే కింద చెప్పబోయేదానికి ఆధారం. పేర్లు మాత్రం చెప్పను, వాళ్ళ పిల్లలు, మనవలు ఇంకా అవే ఊళ్ళలో ఉన్నారు.

ముందు రంగూన్ సంగతి. 1931 జనాభా లెక్కల నాటికి ఆ నగరంలో నాలుగు లక్షల మంది ఉంటే సగానికి పైగా మన దేశంవాళ్ళే. వాళ్ళలో తెలుగువాళ్ళు ఎక్కువగా కనపడేది రేవులో. ఓడల్లోకి బియ్యం బస్తాలు ఎక్కించేవాళ్ళు, ధాన్యం మిల్లుల్లో పనిచేసేవాళ్ళు, రిక్షా లాగేవాళ్ళు, నగరం పాకీపని చేసేవాళ్ళు. మేస్త్రి అడ్వాన్సు ఇచ్చి ఊరి నుంచి తీసుకెళ్ళేవాడు, రేవు పక్కనే ఇరుకు గదుల్లో గుంపుగా పెట్టేవాడు. యుద్ధం జపాన్‌తో మొదలైంది డిసెంబర్ 8న. రంగూన్ మీద మొదటి పెద్ద దాడి 23న, పొద్దున్న పది గంటల వేళ.

ఆ రోజు రేవు దగ్గర ఉన్న ఒకాయన నాతో మాట్లాడేనాటికి డెబ్భై దాటాడు. అప్పుడు పన్నెండేళ్ళ కుర్రాడు. సైరన్ అంతకుముందు కూడా మోగిందట, ఏమీ జరగలేదట. అందుకని ఈసారి మోగితే పిల్లలు విమానాలు లెక్కపెట్టే పందెం వేసుకున్నారు. బాగా ఎత్తున, ఎండకి మెరుస్తూ, కొంగల బారులా వరసగా వస్తున్నాయట. నగరం పక్కనున్న మింగలడాన్ విమానాశ్రయం నుంచి లేచిన ఇంగ్లీషువాళ్ళ విమానాలూ, అమెరికా వాలంటీర్ల విమానాలూ వాటి మధ్యకి దూరుతుంటే కింద జనం చప్పట్లు కొట్టారట. కడుపులోంచి ఏవో రాలితే కరపత్రాలు అనుకున్నారు. ఈ 'కరపత్రాలు అనుకున్నాం' అన్న మాట ఒకరికొకరు సంబంధం లేనివాళ్ళ నోట కూడా విన్నాను. కాబట్టి మీ అమ్మమ్మగారు చెప్పినదాన్ని నేను అనుమానించను.

జనం ఎందుకు నిలబడ్డారంటే, అది ఏం చేస్తుందో వాళ్ళకి తెలియదు, అంతే. వాళ్ళు ధైర్యవంతులూ కాదు, తెలివితక్కువవాళ్ళూ కాదు. అప్పటిదాకా విమానమంటే వేడుక. విమానం నుంచి చావు రావడం ఆ వీధిలో ఎవరూ చూసి ఎరగరు. సర్కారువారు కందకాలు తవ్వించారు, విమానదాడి జాగ్రత్తలు చెప్పే వార్డెన్లను పెట్టారు. కానీ ఆ సూచనలు రేవు కూలీల గదుల దాకా, వాళ్ళ భాషలో, ఎవరైనా తెచ్చి చెప్పారా అంటే నేను అడిగినవాళ్ళలో ఒక్కరు కూడా అవునని అనలేదు.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పాలి. ఆ రోజు జపాన్‌వాళ్ళు వేసినవాటిలో మనుషుల మీదికి ఉద్దేశించిన చిన్న బాంబులు చాలా ఉన్నాయి. ఇవి నేలలోకి దిగవు. తగలగానే పేలి ఇనుప ముక్కల్ని పక్కలకి చిమ్ముతాయి. ఆ ముక్కలు నేల మీంచి కొద్ది ఎత్తులో నలువైపులా పోతాయి. బోర్లా పడుకున్నవాడి మీదుగా చాలావరకు పోతాయి, నిలబడ్డవాడికి నడుముకో కాళ్ళకో తగులుతాయి. పక్కన మురిక్కాలవ ఉండి అందులో పడినవాడు బతికాడు, మిద్దె మీద నిలబడి చూసినవాడు పోయాడు. చనిపోయినవాళ్ళ సంఖ్య దగ్గర లెక్కలు కలవవు, వెయ్యి దాటి అన్నవాళ్ళూ ఉన్నారు, రెండు వేలు దాటి అన్నవాళ్ళూ ఉన్నారు. ఒక్క పూటలో అంతమంది పోవడానికి, బాంబుల బరువు కన్నా వీధుల్లో నిలబడ్డ జనమే పెద్ద కారణం.

ఆ పన్నెండేళ్ళ కుర్రాడు మురిక్కాలవలో పడి బతికాడు. నేను ఎంతసేపు అడిగినా పేలుడు గురించి రెండు వాక్యాలకు మించి చెప్పలేదు. చెవులు మూసుకుపోయాయి, నోటినిండా మట్టి, అంతే. ఆయన ఆపకుండా చెప్పింది అన్నం గురించి. వాళ్ళ గుంపు మొత్తానికి వండిపెట్టే మనిషి ఆ మధ్యాహ్నం కనపడకుండా పోయాడు. చనిపోయాడో పారిపోయాడో తెలియదు. రేవు గిడ్డంగుల్లో బియ్యం బస్తాలు కొండల్లా ఉన్నాయి, మోసింది వీళ్ళే. అయినా రెండు రోజులు ఆ గదుల్లో ఎవరూ ఉడికిన మెతుకు తినలేదట. పొయ్యి ముట్టిస్తే పొగ చూసి మళ్ళీ వస్తారని భయం. నానబెట్టిన బియ్యం నమిలారు. ఇలాంటి వివరం ఎవరూ కూర్చుని కల్పించరు. నా అనుభవంలో నిజమైన జ్ఞాపకాన్ని పట్టిచ్చేవి ఇవే.

25న, క్రిస్మస్ నాడు, మళ్ళీ వచ్చారు. ఆ రోజు వీధిలో నిలబడి చూసినవాడు ఒక్కడు కూడా నాకు తగల్లేదు. రెండు రోజుల్లో నగరం మొత్తానికి పాఠం వచ్చేసింది. కూలీలు వెళ్ళిపోతే రేవు ఆగింది. పాకీవాళ్ళు వెళ్ళిపోతే నగరం కంపుకొట్టింది, ఆస్పత్రుల్లో పని నిలిచిపోయింది. అన్నాళ్ళూ ఎవరి కంటికీ ఆనని మనుషుల మీద అంత పెద్ద నగరం నిలబడి ఉందని అప్పుడు దొరలకి అర్థమైంది. అర్థమయ్యాక చేసిన పని ఏంటంటే, మగ కూలీలకి ఓడ డెక్కు టిక్కెట్లు ఇవ్వకుండా ఆపడం! ఆడవాళ్ళనీ పిల్లల్నీ ఓడెక్కించి మగవాళ్ళు వెనక ఉండిపోయిన కుటుంబాలు అందుకే అన్ని ఉన్నాయి. మీ అమ్మమ్మగారు తల్లితో ఓడలో వచ్చారనీ, తండ్రి నెలల తర్వాత నడిచి వచ్చారనీ రాశారు కదా, సరిగ్గా సరిపోతుంది.

నడిచినవాళ్ళ కథ వేరే పెద్ద కథ, ఇక్కడ క్లుప్తంగా చెప్తాను. ప్రోమ్ మీదుగా తౌంగుప్ కనుమ దాటి అరకాన్ తీరానికి కొందరు, తమూ మీదుగా ఇంఫాల్‌కి కొందరు, ఇంకా పైన హుకాంగ్ లోయ మీదుగా అస్సాంకి కొందరు. మొత్తం నాలుగైదు లక్షల మంది. దారిలో కలరా, మలేరియా, ఆకలి. చనిపోయినవాళ్ళు తక్కువలో తక్కువ పది వేలు, ఎక్కువమంది పరిశోధకులు అంతకు కొన్ని రెట్లు అంటారు. తెల్లవాళ్ళకి ఒక దారి, మనవాళ్ళకి ఒక దారి అని విడదీసిన మాట కూడా నిజమే.

ఇప్పుడు విశాఖకి వద్దాం. 1942 జనవరి, ఫిబ్రవరిల్లో రంగూన్ నుంచి ఓడలు వస్తూనే ఉన్నాయి. మార్చి మొదట్లో రంగూన్ జపాన్‌వాళ్ళ చేతికి పోయింది. దిగినవాళ్ళు ఊరికే ఉంటారా? విశాఖ పాతపట్నం వీధుల్లో, కాకినాడ జగన్నాథపురంలో, అరుగుల మీద కూర్చుని చెప్పిందే చెప్పారు. నిలబడి చూసినవాళ్ళు ఎలా పోయారో చెప్పారు. పేపర్లలో సెన్సారు ఉండేది, సర్కారు ప్రకటనలు పొడిపొడిగా ఉండేవి. జనం నమ్మింది రంగంవాళ్ళ మాటే.

ఆ ఏడాది ఉగాది వెళ్ళి ఇంచుమించు మూడు వారాలు. ఏప్రిల్ 5 ఆదివారం, ఈస్టర్ నాడు, కొలంబో మీద దాడి. మర్నాడు సోమవారం విశాఖ మీదా కాకినాడ మీదా. వచ్చినవి ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి లేచిన కొద్దిపాటి విమానాలు. వాళ్ళకి అసలు కావలసింది బంగాళాఖాతంలో తిరిగే సరుకు ఓడలు. ఆ కొద్ది రోజుల్లోనే ఇరవైకి పైగా ఓడల్ని ముంచారు. ఊళ్ళ మీద వేసినవి పక్క పని. ప్రాణనష్టం కొద్దిమందే. రంగూన్‌తో పోలిస్తే చెప్పుకోదగ్గది కాదు.

కానీ విశాఖ జనానికి ఆ పోలిక ఎవరిచ్చారు? వాళ్ళ లెక్కలో ఇది రంగూన్ 23వ తారీఖు. అంటే ఎల్లుండి మళ్ళీ వస్తారు. ఆ తర్వాత సిపాయిలు వస్తారు. రంగూన్‌లో వరస అదే కదా. అందుకే పరుగు. నాకు తెలిసినంతలో ఆ పరుగు పిచ్చి భయం కాదు. అప్పటికి వాళ్ళ దగ్గరున్న సమాచారానికి అదే సరైన లెక్క. మద్రాసులో గవర్నరే దాడి వస్తుందని జడిసి సర్కారు కచేరీల్ని లోపలి ఊళ్ళకి తరలించాడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు (ఆంధ్రా యూనివర్సిటీ) వాల్తేరు వదిలి గుంటూరు వెళ్ళిపోయి యుద్ధం అయ్యాక గానీ తిరిగి రాలేదు. చదువుకున్నవాళ్ళూ, అధికారం ఉన్నవాళ్ళూ వెళ్ళిపోతే 'తరలింపు' అని రాసుకున్నారు, కూలీ నాలీ వెళ్ళిపోతే 'గాభరా' అని రాశారు. ఆ తేడా ఇప్పటికీ కొన్ని వ్యాసాల్లో కనిపిస్తుంది, చదివినప్పుడల్లా నాకు చిరాకు.

ఆ సాయంత్రం నుంచే బళ్ళు దొరకలేదు. ఒంటెద్దు బండికి అడిగినంత ఇవ్వాల్సి వచ్చింది. రైళ్ళలో కిటికీల్లోంచి పిల్లల్ని అందించారు. అనకాపల్లి, చోడవరం, శృంగవరపుకోట, విజయనగరం, ఎవరికి ఎక్కడ చుట్టాలుంటే అక్కడికి. ఒకావిడ, అప్పటికి కొత్త కోడలు, చెప్పిన సంగతి నాకు బాగా గుర్తుంది. పెరట్లో నూతి పక్కన గొయ్యి తీసి ఇత్తడి బిందెలూ, కంచాలూ పాతిపెట్టారు. వెండి మాత్రం ఆవిడ ఒంటికి చుట్టి పైన చీర కట్టారు. అంతా సిద్ధమయ్యాక అత్తగారు కదలనంది. గేదె ఈనడానికి ఉంది, దాన్ని ఎవరికి వదిలి వస్తానంటుంది. మావగారు అరిచారు, ఏడ్చారు, లాభం లేదు. చివరికి గేదెను తోలుకుంటూ అందరూ నడిచారు. అది ఎంత వేగంగా నడిస్తే కుటుంబం అంత వేగంగా. తెల్లారేసరికి అనకాపల్లి చేరాల్సినవాళ్ళు మర్నాడు పొద్దు గుంకాక చేరారు. అక్కడ వరండాలకి కూడా అద్దెలు అడుగుతున్నారు. వీళ్ళకి మాత్రం ఒకాయన పశువుల పాక ఇచ్చాడు, గేదె ఈనాక జున్నుపాలు మాకివ్వాలని షరతు పెట్టి!

నెలా రెణ్ణెల్లకి చాలామంది తిరిగి వచ్చారు. తాళాలు పగిలిన ఇళ్ళు కొన్ని, చెక్కు చెదరనివి ఎక్కువ.

సైనికుల సంగతి. వాళ్ళు కూడా మొదటిసారి నిలబడి చూసినవాళ్ళే, యూనిఫాం వేసుకున్నంత మాత్రాన ఒంట్లోకి ఆ జ్ఞానం రాదు. తేడా ఎక్కడ వస్తుందంటే, రెండోసారికి సైనికుడికి చేతికి పని ఉంటుంది. గుంట తవ్వు, లారీని చెట్టు కిందికి తియ్యి, గాయపడ్డవాణ్ణి మొయ్యి. మామూలు మనిషికి మిగిలేది కాచుకుని కూర్చోవడం. బర్మాలో 17వ భారత డివిజన్‌కి సరుకు లారీ నడిపిన ఒక గోదావరి జిల్లా ఆయన ఈ మాట నాతో బల్లగుద్ది చెప్పాడు: పని ఉన్నంతసేపు భయం ఉండదు, బండి ఆపి గుంటలో పడుకున్నాకే వణుకు మొదలవుతుంది.

ఆయన దగ్గర నేర్చుకున్న కొన్ని విషయాలు మీ ప్రశ్నకి పనికొస్తాయి. విమానం కిందికి దిగి మరతుపాకులతో కాల్చేటప్పుడు అది వచ్చే దారిలో ముందుకి పరుగెత్తకూడదు, ఎంత పరుగెత్తినా గుళ్ళ వరస నిన్ను దాటుతుంది. పక్కకి పరుగెత్తాలి. లారీకి లారీకి మధ్య ఎడం ఉండాలి. పడుకున్నప్పుడు నోరు కొంచెం తెరిచి ఉంచాలి, పళ్ళ మధ్య గుడ్డ ముక్క పెట్టుకోవాలి, పొట్ట నేలకి గట్టిగా ఆనించకుండా మోచేతుల మీద కాస్త లేపి ఉంచాలి, లేకపోతే నేల అదురు లోపలికి కొడుతుంది. ఇందులో నోటి సంగతీ గుడ్డ సంగతీ ఇక్కడ మన ఊళ్ళలో వార్డెన్లు కూడా చెప్పారు, చెవుల్లో దూది పెట్టుకోమని కలిపి. విశాఖలో కొందరు ముసలమ్మలు సైరన్ మోగగానే కొంగు చివర నోట్లో కుక్కుకునేవారని చెప్తే నవ్వొస్తుంది గానీ, అది పనికొచ్చే పనే.

ఇంకోటి. సైనికుల కథల్లో 'మన విమానాలే మన మీద వేశాయి' అని వస్తే కొట్టిపారేయకండి. 1942 ఫిబ్రవరి 21న సిట్టాంగ్ వంతెన వైపు వెనక్కి వస్తున్న ఆ 17వ డివిజన్ మీద, దుమ్ము రేగుతున్న దారిలో శత్రువులనుకుని, మన పక్షం విమానాలే దాడి చేశాయి. లారీ ఆయన ఇంటికొచ్చాక ఈ విషయం ఎవరికీ చెప్పలేదట. చెబితే ఎవరూ నమ్మరనో, పరువు తక్కువనో. పెళ్ళాం పిల్లలకి చెప్పిందల్లా డబ్బాల్లో వచ్చే మాంసం రుచి గురించి!

ఇప్పుడు జాగ్రత్తలు. మీ ఇంట్లో కథల్ని రాయాలనుకుంటున్నారు కాబట్టి ఇవి చూసుకోండి.

జ్ఞాపకాలు ఒకదానిమీదొకటి పేరుకుంటాయి. విశాఖవాళ్ళకి ముఖ్యంగా ఇది పెద్ద చిక్కు. 1971 డిసెంబర్‌లో పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ విశాఖ ముందే మునిగింది, అప్పుడూ సైరన్లు, బ్లాకౌట్లు, కిటికీలకి నల్ల కాగితాలు ఉన్నాయి. ఊరి మీద బాంబులు మాత్రం పడలేదు. 'మా నాన్న చిన్నప్పుడు బల్బుకి నల్లకాగితం చుట్టి కూర్చున్నారు' అంటే ఏ యుద్ధమో ముందు వయసు లెక్కవేసి చూడండి. మద్రాసు మీద కూడా 1943 అక్టోబర్‌లో ఒక రాత్రి జపాన్ విమానం వచ్చి బాంబులు వేసిపోయింది, దాన్ని 1942 గాభరాతో కలిపేసేవాళ్ళు ఉన్నారు. బర్మా నుంచి తిరిగి రావడం కూడా రెండుసార్లు జరిగింది, 1942లో యుద్ధం వల్ల ఒకసారి, 1960ల్లో అక్కడి మిలటరీ ప్రభుత్వం వల్ల ఇంకోసారి. విశాఖలో బర్మా క్యాంపు రెండోసారి వచ్చినవాళ్ళది. కొన్ని ఇళ్ళలో ఈ రెండూ ఒకే కథ అయిపోయాయి.

అంకెల్ని నమ్మకండి, చేసిన పనుల్ని నమ్మండి. 'వంద విమానాలు వచ్చాయి' అన్నది భయం చెప్పే లెక్క. 'నూతి పక్కన పాతిపెట్టాం, తిరిగొచ్చాక ఒక బిందె దొరకలేదు' అన్నది మనిషి చెప్పే మాట. మంచి కథలా చక్కగా మొదలై చక్కగా ముగిసేదాన్ని నేను ఒకటికి రెండుసార్లు అడుగుతాను. వరస తప్పి, మధ్యలో ఆగి, పనికిరాని చిన్న చిన్న విషయాల దగ్గర పట్టుబట్టే మనిషి మాట మీద నాకు గురి ఎక్కువ.

విశాఖ బీచ్ రోడ్డులో ఉన్న మ్యూజియంలో ఆనాటి పేలని బాంబు ఒకటి పెట్టారు. వెళ్ళినప్పుడు చూడండి.

మీ ముత్తాతగారు ఏ దారిలో నడిచి వచ్చారో తెలుసుకోవడం ఎలా అని అడిగారు. ఇంట్లో అడిగితే దారి పేరు ఎవరికీ గుర్తుండదు, అందుకని దారి పేరు అడగకండి. 'సముద్రం కనిపించిందా, మళ్ళీ పడవ ఎక్కారా' అని అడగండి. ఎక్కారంటే చాలావరకు తౌంగుప్, అక్యాబ్, చిట్టగాంగ్ దారి. కొండలు దిగి తిన్నగా రైలెక్కారంటే ఇంఫాల్ మీదుగా దిమాపూర్. జలగల గురించీ, వారాలపాటు ఆగని వాన గురించీ చెప్తే హుకాంగ్ వైపు చూడండి. కాగితం ఆధారం కావాలంటే ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో అప్పటి ఇండియన్స్ ఓవర్సీస్ శాఖ ఫైళ్ళు ఉన్నాయి, బర్మా కాందిశీకుల వ్యవహారం చాలావరకు ఆ శాఖే చూసింది. అక్కడ వెతికేటప్పుడు ఇంటిపేరు ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాసుకుని వెళ్ళండి. ఆనాటి గుమాస్తాలు మన పేర్లని చెవికి తోచినట్టు రాశారు, పైగా చాలామందిని సొంత ఇంటిపేరుతో కాకుండా మేస్త్రి పేరు కిందే లెక్క కట్టారు. మేస్త్రి పేరు మీ ఇంట్లో ఇంకా ఎవరికైనా గుర్తుంటే ముందు అది రాసిపెట్టుకోండి.